ఆత్మకూరు రింగులో పడిన ఎర్ర తువ్వాలు

1952 మార్చిలో నేను ఉదయగిరి బోర్డు హైస్కూల్లో పనిచేస్తున్నాను. కాగితం మీద నా హోదా ఫిజికల్ ట్రైనింగ్ ఇన్‌స్ట్రక్టరు. ఊళ్లో డ్రిల్లు అయివారు. లెక్కల అయివారికి ఒక మెట్టు కింద, స్కూలు బంట్రోతుకు ఒక మెట్టు పైన ఉండే ఉద్యోగం. ఆ రెండో మెట్టు సంగతి బంట్రోతు ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఆ నెలలో ఒక శనివారం హెడ్మాస్టరుగారు పిలిచి, ఆత్మకూరు తాసిల్దారుగారి ఉత్తరం నా చేతికిచ్చారు. మద్రాసు నుంచి ఒక బాక్సింగ్ కంపెనీ వచ్చి ఆత్మకూరు సంత మైదానంలో డేరా వేసింది. పందెం ఆటగాళ్లను వెంటబెట్టుకొని ఊరూరా తిరిగే కంపెనీ అది. తమ ఆటగాడి ముందు నాలుగు రౌండ్లు నిలబడిన స్థానికుడికి వెండి కప్పు ఇస్తామని దండోరా వేయించింది. తాసిల్దారుగారు అనుమతికి మూడు షరతులు పెట్టారు. ఆట పొద్దు గుంకకముందే ముగియాలి. రింగు పక్కన ఆసుపత్రి డాక్టరు ఉండాలి. రిఫరీ కంపెనీ మనిషి కాకూడదు. రెండు తాలూకాల్లో వెతికితే, బాక్సింగ్ గ్లౌజులు తొడిగిన చేతులు నావే తేలాయి.

నా అర్హత ఎంతటిదో ఇక్కడే చెప్పేస్తాను. మద్రాసులో ట్రైనింగ్ చదివిన ఏడాదిలో మూడు నెలలు బాక్సింగ్ నేర్పారు. మూడు ఆటలు ఆడాను, మూడూ ఓడాను. మా శిక్షకుడు, "దెబ్బను నీ అంత దగ్గరగా చూసినవాడు ఈ బ్యాచిలో లేడు, నువ్వు రిఫరీ కోర్సు తీసుకో" అన్నాడు. అట్లా సర్టిఫికెట్టు వచ్చింది. ఆ తర్వాత ఆరేళ్లు నాకు పంచెతో తప్ప పంచ్‌తో పని పడలేదు.

ఆదివారం పొద్దున బస్సు దిగి ఆత్మకూరు చేరాను. రిఫరీ పని గంట మోగినప్పుడు మొదలవదు, పొద్దుననే మొదలవుతుంది. ముందు తూకం. వేరుశనగ బస్తాలు తూచే కాటా మీద ఇద్దరినీ నిలబెట్టాము. కంపెనీ ఆటగాడి పేరు డానియల్. ముప్పై దాటిన మనిషి, ముక్కు రెండుసార్లు విరిగి అతికింది, మాట మెత్తన. అతనికి ఎదురు నిలబడేది అనుమసముద్రంపేట కుస్తీ పహిల్వాను మస్తాను. డానియల్‌కంటే పదిహేను పౌన్లు ఎక్కువ తూగాడు. కుస్తీలో అది బలం. బాక్సింగ్‌లో అది గురి పెట్టడానికి మరికొంత చోటు.

తర్వాత గ్లౌజులు. లోపలి దూది పిడికిలి ఎముకల మీద నుంచి పక్కకు జరిపితే, మెత్తటి గ్లౌజు కూడా రాయి అవుతుంది. రెండు జతలూ నొక్కి చూసి, తాళ్ల ముడుల మీద కాగితం అంటించి నా సంతకం పెట్టాను. మూడోది నియమాలు చెప్పడం. మస్తాను ఉస్తాదు హుసేన్ సాహెబు అరవై ఏళ్ల మనిషి, భుజాన ఎర్ర తువ్వాలు. శిష్యుడి సెకండు కూడా ఆయనే. సెకండు అంటే రౌండుకూ రౌండుకూ మధ్య మూలలో నీళ్లు పట్టించి, చెమట తుడిచే సహాయకుడు.

మోకాలు నేలకు తగిలినా పడినట్టే, పది లెక్కపెట్టేలోగా లేవకపోతే ఓడినట్టే అని చెప్పాను. ఉస్తాదుకు నచ్చలేదు.

"వీపు మన్ను అంటందే ఓటమి ఎట్టయితాది అయివారూ? బోర్లా పడినోడు ఓడినోడా?"

కుస్తీలో రెండు భుజాలూ నేలకు తగిలితేనే చిత్తు. ఈ తగాదా వస్తుందని నేను ముందే ఊహించాను కాబట్టి అరగంట సేపు దాని మీదే వాదించి, ఒప్పించాను. సెకండు తువ్వాలు రింగులోకి విసిరితే తన మనిషి ఓడినట్టు ఒప్పుకోవడమనే నియమం మాత్రం చెప్పలేదు. అది అందరికీ తెలిసిందే అనుకున్నాను. నాకు తెలిసింది కాబట్టి లోకానికి తెలుసు అనుకునే జబ్బు అయివార్లకు వృత్తి వల్ల వస్తుంది.

నాలుగున్నరకు ఆట మొదలైంది. డేరా నిండి, నిలబడడానికి చోటు లేదు. మర్రిపాడు నుంచి లారీ కట్టించుకొని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. మొదటి రౌండులో మస్తాను గుద్దడం మరిచి రెండుసార్లు డానియల్ నడుము పట్టి ఎత్తేశాడు. ఇద్దరినీ విడదీయడం నా పని. ఒకరు కండ, ఒకరు కొండ, మధ్యలో నేను గొడుగు కర్ర. జనం డానియల్‌ను చూసి తక్కువ, నన్ను చూసి ఎక్కువ నవ్వారు.

రెండో రౌండులో మస్తాను కళ్లు మూసుకొని విసిరిన ఒక కుడిచేతి దెబ్బ పోయి పోయి డానియల్ దవడకు తగిలింది. డానియల్ కూర్చుండిపోయాడు. డేరా ఎగిరిపోయేంత కేక. నేను లెక్క మొదలుపెట్టాను. ఒకటి, రెండు అంటుండగా, హుసేన్ సాహెబు భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి శిష్యుడి మీదికి విసిరాడు. ఆయనను చూసి ఇంకో నలుగురైదుగురు విసిరారు. మా వైపు కుస్తీ గెలిచినవాడికి శాలువా బదులు భుజాన ఉన్నది తీసి కప్పడం ఆచారం.

ఎనిమిదికి డానియల్ లేచాడు. అంతలో కంపెనీ మేనేజరు తాళ్లు దూరి రింగులోకి వచ్చి, తువ్వాలు పడింది, మస్తాను ఓడినట్టు ప్రకటించండి అన్నాడు. నియమాల పుస్తకం తెరిచి పేజీ కూడా చూపించాడు. పేజీ నిజమే. అయితే ఎదుటివాణ్ణి కూలదోసిన క్షణంలోనే కూల్చినవాడు ఓడినట్టు ప్రకటిస్తే, డేరా గుంజలు నాతోపాటు మేనేజరు, డానియల్ వీపుల మీదా పడతాయి. ఆ భయాన్ని పక్కన పెట్టి చూసినా, అది న్యాయమూ కాదు. ఉస్తాదును పిలిచి, ఓటమి ఒప్పుకున్నారా అని అడిగాను.

"ఓటమేంది అయివారూ! నా బిడ్డ కొట్టినాడు, కప్పినాను. తమ కంటికి అది ఏడుపుగుడ్డ మాదిరి కనిపిస్తా ఉండాదా?"

ఆ నియమం నేను ఆయనకు చెప్పలేదు కాబట్టి ఆయనకు వర్తించదని తీర్పు ఇచ్చాను. డానియల్ కూడా ఆడదామనే అన్నాడు. ఇంతవరకు బాగుంది. కాని పొద్దున చేసిన తప్పు దిద్దుకోవాలనే తొందరలో నేను రింగు నడుమ నిలబడి, డేరా అంతటికీ వినిపించేట్టు ప్రకటించాను: ఇకమీదట ఉస్తాదు చేతి నుంచి తువ్వాలు పడితే మస్తాను ఓడినట్టే!

జనం ఒక్కసారిగా ఎవరి తువ్వాళ్లు వాళ్లు దాచుకున్నారు. "ఒరే రమణా, నీ గుడ్డ గాలికి లేస్తాదేమో, తొడ కింద పెట్టుకోరా" అని ఎవరో అరిచారు. హుసేన్ సాహెబు తన ఎర్ర తువ్వాలు నడుముకు రెండు చుట్లు చుట్టి, బిగించి ముడి వేశాడు. నేను నవ్వుకున్నాను. ఒక పహిల్వాను ప్రాణానికి కాపుగా ఉన్న గోడను నా నోటితోనే పడగొట్టానని అప్పుడు తట్టలేదు. ఓటమి అని నేను నలుగురిలో పేరు పెట్టిన గుడ్డను, ఆ నలుగురి ముందు ఏ ఉస్తాదు విసురుతాడు?

మూడో రౌండులో డానియల్ తన వృత్తి చూపించాడు. ఎడమచేత్తో దూరం కొలవడం, కుడిచేత్తో ముగించడం. ఒక దెబ్బ మస్తాను కణతకు తగిలింది. బోర్లా పడ్డాడు. "వీపు అంటలా! లెయ్ మస్తానూ, వీపు అంటలా!" అని జనం. ఏడు లెక్కపెట్టేసరికి లేచాడు. నియమం ప్రకారం గ్లౌజులు తుడిచి, కళ్లలోకి చూసి, నీ పేరేంది అని అడిగాను.

"ఆడతా," అన్నాడు.

నేను అడిగింది పేరు. అతను చెప్పింది పేరు కాదు. అక్కడ ఆపాల్సింది. ఆపలేదు. చెప్పుకోవడానికి బాగుండదు కాని, కారణం ఇది: రెండో రౌండులో నా తీర్పుకు జనం చప్పట్లు కొట్టారు. నా ఉద్యోగంలో నాకు చప్పట్లు కొట్టింది అదే మొదటిసారి. ఇంకాసేపు మంచివాడిగా ఉండాలనిపించింది.

మూడో రౌండు ముగిసినట్టు గంట మోగింది. మస్తాను నింపాదిగా నడిచి వెళ్లి డానియల్ మూలలో, డానియల్ స్టూలు మీద కూర్చున్నాడు. డేరా విరగబడి నవ్వింది. ఉస్తాదు వచ్చి చెయ్యి పట్టుకొని తన మూలకు తీసుకుపోయాడు. నవ్వని మనిషి ఒకడే కనిపించాడు. ఆసుపత్రి డాక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు. నేను చూడగానే తల అడ్డంగా ఊపారు. ఉస్తాదు వైపు చూశాను. ఆయన శిష్యుడి ముఖాన నీళ్లు చల్లుతున్నాడు. ఒక చెయ్యి నడుము మీది ముడి మీదికి పోతోంది, మళ్లీ వెనక్కి వస్తోంది. నేను అక్కడికి అడుగు వేసేలోగా నాలుగో రౌండు గంట కొట్టేశారు.

మస్తాను రింగు మధ్యకు వచ్చి, గ్లౌజులు రెండూ దించి, తొడ చరిచాడు. వంగి కాన్వాసు తాకి, లేని మన్ను నుదుటికి రాసుకున్నాడు. తాను కుస్తీ గోదాలో ఉన్నాననుకుంటున్నాడు. ముఖం పూర్తిగా తెరిచి ఉంది. డానియల్ కుడిచెయ్యి వెనక్కి తీశాడు. అతని జీతానికి ఆ దెబ్బ కొట్టాలి. కొట్టలేదు. రెండడుగులు వెనక్కి వేసి, ఎదుటివాడి మీద నుంచి చూపు తీయకుండానే నాతో అన్నాడు.

"సార్, ఈ మనిషి లోపల లేడు. నేను ఎవర్ని కొట్టేది?"

నేను ఇద్దరి మధ్యకు దూకి, రెండు చేతులూ తల మీద అడ్డంగా ఆడించి ఆట ఆపేశాను. దానికి పుస్తకంలో పేరు, రిఫరీ ఆపిన ఆట. ఓడినవాడు ఓడినట్టే, కాని పడగొట్టించుకొని కాదు. మూడు నిమిషాల ఆఖరి రౌండు అది, కప్పు రెండు నిమిషాల యాభై సెకన్ల దూరంలో ఉండగా ఆపాను. జనం సంగతి చెప్పనక్కర్లేదు. "అమ్ముడుబోయినాడురా డ్రిల్లు అయివారు!" అనే కేక, దాని వెనక ఒక చెప్పు వచ్చాయి. చెప్పు కొత్తది. విసిరినవాడు తర్వాత వచ్చి అడిగి తీసుకుపోయాడు.

మస్తాను నన్ను తోసేసి ముందుకు పోబోయి, తాళ్లు పట్టుకొని, కూర్చొని, వాంతి చేసుకున్నాడు. ఆ వాంతి చూసి డేరా సద్దుమణిగింది.

డాక్టరుగారు అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయి, టార్చిలైటుతో కంటిపాపలు చూశారు. రెండూ ఇంకా సమానంగానే ఉన్నాయన్నారు. పుర్రె లోపల రక్తం కారుతుంటే ఒక పాప పెద్దదవుతుందట. నిద్ర లోతు పెరుగుతుందట. అట్లా జరిగితే నెల్లూరు తీసుకుపోవాలి, దారిలో ఏమైనా కావచ్చు. తెల్లారేదాకా గంట గంటకూ లేపి చూడాలి. మరొక్క దెబ్బ పడి ఉంటే ఈ మాటలు చెప్పే పని కూడా తనకు ఉండేది కాదని, నా వైపు చూడకుండా అన్నారు. తెల్లారేదాకా నేను వరండాలో ఏం చేశానో రాయడానికి ఏమీ లేదు. ఏమీ చేయలేదు.

పొద్దున ఏడింటికి లోపలి నుంచి మస్తాను గొంతు వినిపించింది.

"ఎవుడ్రా ఆపింది? ఆ పుల్లమాదిరి అయివారేనా? ఆయప్పకి డ్రిల్లులో ఈల పీకె ఊదేది తప్ప ఏం తెలుసురా? రెండు నిమిషాలు నిలబడుంటే కప్పు మన పేటకి వచ్చుండేది గదరా! పిలవండి, నేనే అడగతా!"

ఇంకా చాలా అన్నాడు. మా అమ్మ ప్రసక్తి కూడా వచ్చింది. డాక్టరుగారు బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, తిట్లు వరసలో వస్తున్నాయనీ, ఒక్కటి కూడా మళ్లీ వాడలేదనీ, మెదడుకు భయం లేదనీ చెప్పారు. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. అంత హాయిగా నేను తిట్లు తిన్న రోజు నా సర్వీసులో ఇంకొకటి లేదు. లోపల తిడుతుంటే, ఆపకుండా ఇంకాసేపు తిడితే బాగుండునని వింటూ కూర్చున్నాను.

హుసేన్ సాహెబు వచ్చి పక్కన కూర్చున్నాడు. నడుముకు తువ్వాలు ఇంకా అట్లాగే ఉంది.

"ముడి విప్పుదామని మూడు తూర్లు చెయ్యి పెట్టినా అయివారూ. చెయ్యి పోలా. మీరు అందరి ముందర అట్టా అంటిరి గదా."

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. నేను తప్పు ఒప్పుకున్నాను. ఆయన లేచి, లోపలికి పోయి శిష్యుణ్ణి, "నోరు ముయ్‌రా, ఆయన ఈడనే ఉండాడు" అని కసిరాడు. డాక్టరుగారు మస్తానును ఆరు నెలలు బరిలోకి దిగొద్దన్నారు. ఆరు నెలల తర్వాత అతను కుస్తీకి పోయాడు. గ్లౌజులు మళ్లీ తొడగలేదు. ఎదురుపడితే నమస్కారం పెట్టేవాడు, కప్పు మాట ఎత్తకుండా మాత్రం వదిలేవాడు కాడు.

ఆ తర్వాత పదేళ్లలో నెల్లూరులోనూ, బయటా నలభై దాకా ఆటలకు రిఫరీగా ఉన్నాను. ఆత్మకూరు తర్వాత నా పద్ధతి రెండు విధాల మారింది. మొదటిది, నియమాలన్నీ ఇద్దరు సెకండ్ల చేతా తిరిగి చెప్పించుకునేవాణ్ణి. ఎదుటివాడికి తెలియని నియమం మీద ఇచ్చే తీర్పు న్యాయం కాదు. రెండోది, ఆట ఆపే భారం మూలలో ఉన్నవాడి మీదా, ఆడేవాడి మీదా పెట్టలేదు. వాళ్లకు ఊళ్లో తలెత్తుకు తిరగాల్సిన అవసరం ఉంటుంది. రిఫరీ సాయంత్రం బస్సెక్కి పోతాడు, కాబట్టి ఆ చెడ్డపేరు అతను మోయవచ్చు. పేరు అడిగితే పేరు చెప్పనివాణ్ణి నేను మళ్లీ ఆడనివ్వలేదు. ముందుగా ఆపావని నాతో తగాదా పడినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరూ తమ కాళ్ల మీద నిలబడి, తమ నోటితో తగాదా పడ్డారు. రిఫరీ పని అంతవరకే.