బూట్లు బయట పెట్టిన పాపం

ఒక పెద్దావిడ ఏడాది పాటు పడ్డ కష్టాన్ని ఒక్క పూట శుభ్రతతో గడ్డకట్టించడం ఎలాగో తెలుసుకోవాలనుకుంటే నన్ను అడగండి. ఈ విద్యలో నాకు పోటీ లేదు.

కెనడాలోని మిస్సిసాగాలో మా పక్కింటి సూర్యం అంకుల్, పద్మజ ఆంటీ రిటైరయ్యాక ఒక ఆర్వీ కొన్నారు. అంటే చక్రాల మీద ఇల్లు. మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ అందులోనే. చలికాలం రాగానే ఆ వయసువాళ్లు ఎండ ఉన్న ఊళ్లు వెతుక్కుంటారు. వీళ్లేమో మంచు ఇంకా ఎక్కువున్న చోటు వెతుక్కుని ఉత్తరానికి పోతారు! బండి వెనకాల రెండు సైకిళ్లు, వాటికి దున్నపోతు మెడంత లావు టైర్లు. మంచులో తొక్కుతారు. నేనైతే మా రెండేళ్ల చిన్నూకి టోపీ పెట్టకుండా ఫ్రిజ్ తలుపు కూడా తియ్యను.

అంతకుముందు చలికాలంలో ఆంటీకి మోకాలి ఆపరేషన్ అయింది. ఏడాదంతా ఎక్సర్‌సైజులు చేసి, మళ్లీ తమ సైకిల్ బృందంతో గడ్డకట్టిన సరస్సు చుట్టూ తొక్కడానికి సిద్ధమయ్యారు. "ఈసారి తొక్కలేకపోతే ఆర్వీ అమ్మేసి ఇంట్లో కూర్చుందామండీ" అని అంకుల్‌తో తేల్చి చెప్పేశారు కూడా. ఆ వారాంతం మమ్మల్నీ రమ్మన్నారు. పాపం, అదే వాళ్లు చేసిన తప్పు.

సరస్సు పక్కన ఆర్వీ ఆపిన రాత్రి, మర్నాడు తొక్కాలని ఆంటీ పెందలాడే పడుకున్నారు. అంకుల్, మా ఆయన కిరణ్ బయట చలిమంట దగ్గరున్నారు. నేను పాలు కాచి వెనక్కి తిరిగేసరికి, హీటర్ పక్కన ఆరబెట్టిన ఆంటీ సైకిల్ బూటును చిన్నూ ఐస్‌క్రీములా నాకుతున్నాడు.

"మమ్మీ, సాల్టీ!"

రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు అది! నా గుండె ఒక క్షణం సెలవు పెట్టింది. వాడి నాలుక కడిగాను. ఫోన్‌లో వెతికాను. మళ్లీ కడిగాను. అప్పుడు పైకి చూస్తే, బూట్లకు సరిగ్గా పైన గోడకు వేంకటేశ్వరస్వామి పటం. ఇదేం చోద్యం! మనం చెప్పులు విడిచేది గడప బయట కదా! రెండు బూట్లూ తీసుకెళ్లి బయట మెట్టు మీద, నోళ్లు ఆకాశానికి పెట్టి, పెళ్లిపీటల మీది జంటలా బుద్ధిగా కూర్చోబెట్టాను. చేతులు కడుక్కుని హాయిగా పడుకున్నాను.

తెల్లారింది.

"ఏవండీ, నా బూట్లేవీ?"

"హీటర్ దగ్గరే పెట్టానే!"

"నేను బయట పెట్టాను ఆంటీ," అన్నాను గర్వంగా. "స్వామి కింద ఉన్నాయని..."

అంకుల్ తలుపు తీశారు. రాత్రి ఫ్రీజింగ్ రెయిన్, అంటే పడ్డచోటే గడ్డకట్టే వాన, పడిందట. బూట్ల నిండా నీళ్లు, నీళ్లన్నీ ఐసు. ఆయన ఒక బూటు లాగితే మెట్టు మీది కాళ్లు తుడుచుకునే పట్టా కూడా దానితో పాటు లేచి వచ్చింది.

"ఇక్కడ బయట అంటే గడప అవతల కాదమ్మా, ఫ్రీజర్ లోపల," అన్నారు నెమ్మదిగా.

కిరణ్ తల పట్టుకున్నాడు. "కెనడా వచ్చి ఇన్నేళ్లయింది, నీకా మాత్రం తెలీదా?"

"నువ్వూరుకో! అంకుల్, ఐదు నిమిషాల్లో కరిగించేస్తాను."

"మంట మీద మాత్రం పెట్టకమ్మా, జిగురు ఊడిపోతుంది," అని ఆయన సైకిళ్లు దింపడానికి వెళ్లారు.

మంట మీద పెట్టొద్దన్నారు. ఆవిరి మంట కాదు కదా? పైగా నేను డిగ్రీ చదివినదాన్ని. మా ఇడ్లీపాత్ర ఎలాగూ వెంట ఉంది. అందులో నీళ్లు పోసి, చిల్లుల ప్లేటు మీద బూట్లు నిలబెట్టాను. ముందు ఐసు కరిగింది. ఆ తర్వాత జిగురు కరిగింది. కుడి బూటు అడుగు ఊడి, మెల్లగా నోరు తెరిచింది.

"క్రోకడైల్!" అని చిన్నూ చప్పట్లు కొట్టాడు.

ఆంటీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మంచం అంచున కూర్చుని మోకాలు నిమురుకుంటూ, "పోనీలే అమ్మా. ఇంక చాల్లే ఈ తిరుగుళ్లు," అన్నారు. ఆ మొసలి నోట్లో దూరిపోవాలనిపించింది నాకు.

"నా బూట్లేసుకోండి ఆంటీ!"

వేసుకున్నారు. వదులు. పాదం లోపల జారుతోంది. "అడుగున మెత్తగా ఏదైనా లేకపోతే మోకాలికి దెబ్బ తగులుతుంది," అన్నారు అంకుల్ గుమ్మంలోంచి. సాక్సులు కుక్కి చూశాం, ఉండలు కట్టాయి. అప్పుడు నా కళ్లు చిన్నూ బ్యాగు మీద పడ్డాయి.

"ఆంటీ, దయచేసి నవ్వకండి."

ఒక్కో బూటులో ఒక్కో డైపర్ మడిచి పరిచాను. ఆంటీ లేచి నిలబడ్డారు. రెండడుగులు వేశారు.

"ఏవండీ... దూది మీద నడుస్తున్నట్టుందండీ!"

వెళ్లిపోయారు. బూట్లు లేని నేను చిన్నూని ఒళ్లో పెట్టుకుని, కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నాను. ఆంటీ పడినట్టు, మోకాలు విరిగినట్టు, అంకుల్ ఆర్వీ అమ్మకానికి పెట్టినట్టు వరసగా ఊహించుకుని ఏడ్చాను కూడా. చివరికి చెట్ల మధ్యలోంచి ఆంటీ ఎర్ర జాకెట్ కనబడింది. మిగతావాళ్లతో సమానంగా తొక్కుతూ వస్తున్నారు!

"ఒక్కసారి కూడా నొప్పి రాలేదే అమ్మాయ్!" అని దూరం నుంచే కేకేశారు.

ఆమె వెనకాలే దిగిన ఒక కెనడా ముసలావిడ, బూట్లు మెత్తగా ఉన్నాయని ఆంటీ దారంతా చెబుతుంటే విన్నదట, ఇంగ్లిష్‌లో ఆత్రంగా అడిగింది: "బూట్లలో అడుగున వేసిన ఆ ఇన్‌సోల్స్ ఏ బ్రాండ్?"

అంకుల్ గంభీరంగా, "ఇండియన్ ఇంజనీరింగ్," అన్నారు.

సరిగ్గా అప్పుడే ఆంటీ మెట్టు మీద కూర్చుని బూటు విప్పారు. గుమ్మంలో నిలబడ్డ నా చంకలోంచి చిన్నూ వేలు చూపించి, సరస్సు అవతలికి వినబడేలా అరిచాడు.

"దట్స్ మై డైపర్!"

బృందమంతా చెట్ల మీది మంచు రాలేలా నవ్వింది. ముసలావిడ మాత్రం నవ్వలేదు.

"సైజెంత?" అంది.

చిన్నూకి డైపర్లు మానిపించి చాలా నెలలైంది. అయినా చలికాలం వస్తే మా ఇంట్లో ఒక పెద్ద ప్యాకెట్ కొంటూనే ఉన్నాం, ఆ బృందం కోసం. కనుక ఆర్వీ గోడ మీది వేంకటేశ్వరస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా ఇడ్లీపాత్రలో ఇడ్లీలే ఉడుకుతాయి. పరాయివాళ్ల బూట్లు ఎక్కడున్నా, చివరికి స్వామి తలమీదున్నా సరే, నేను ముట్టను. ఆ సంగతి ఆయనే చూసుకుంటాడు.