దేవుడి డబ్బాలో చెయ్యి

ఊరంతా పి, అంటే అవ్వ, అని పిలిచే థాంగ్‌జువాలి దేవుడి బియ్యం తినేస్తోందన్న మాట మొదట ఎవరి నోట పుట్టిందో తెలియదు గాని, శుక్రవారానికల్లా అది కొండ కింది కొళాయి దాకా దిగి, మళ్ళీ చర్చి మెట్ల దాకా ఎక్కింది.

"నా కళ్ళతో చూశాను," అంది పక్కింటి కైమవీ. "పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. ముసలామె దేవుడి డబ్బా మూత తీసి లోపల చెయ్యి పెట్టింది. రోజూ రెండు పూటలా ఇదే తంతు. తీరా మనం వెళ్తే డబ్బాలో గింజ ఉండదు. ఎలక తింటోందంటారా?"

"రెండుకాళ్ళ ఎలక," అంది ఇంకొకామె. కొళాయి దగ్గర అందరూ నవ్వారు.

వాళ్ళతో పాటు చర్చి బియ్యం పోగుచేసే రెమ్‌సాంగి నవ్వలేదు. బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు.

మా మిజో కొండల్లో ఏ ఇల్లాలైనా పూటపూటా వండే బియ్యంలోంచి, కడగకముందే, ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తుంది. శనివారం శనివారం చర్చి ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగి పోగుచేస్తారు. థాంగ్‌జువాలి యాభైరెండేళ్ళుగా వేస్తోంది. మొగుడు పోయిన రోజున కూడా, వచ్చిన బంధువులకు వండబోయే బియ్యంలోంచి తీసి వేసింది. ఫిబ్రవరిలో రాళ్ళ క్వారీలో మట్టి విరిగిపడి ఒక్కగానొక్క కొడుకు బియాకా పోయాడు. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు వేసింది. ఈ రెండు నెలలుగానే డబ్బా ఖాళీ.

"కొడుకుని తీసుకుపోయాడని దేవుడి మీద అలిగింది," అన్నారు కొందరు. "ఇన్నేళ్ళు నడిచి, గట్టు ఎక్కే వేళకి కాలు జారింది, పాపం."

ఆడవాళ్ళ సంఘం పెద్ద తేల్చి చెప్పింది: ఆ డబ్బా వెనక్కి తెచ్చి, ఈ నెల కాపురానికి వచ్చిన కొత్త కోడలికి ఇవ్వాలి. తెచ్చే పని రెమ్‌సాంగి మీద పడింది. చిన్నప్పుడు ఆదివారం బడిలో పిడికెడు ఎలా తియ్యాలో ఆమెకు నేర్పింది థాంగ్‌జువాలే. "బిగించకే పిల్లా, బిగిస్తే తక్కువ పడుతుంది. వేళ్ళు వదులుగా పెట్టి, పైకి పొంగేలా తియ్యి."

శనివారం పొద్దున వంటవేళకే రెమ్‌సాంగి వెళ్ళింది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఎసరు మరుగుతోంది. ముసలామె డబ్బా మూత తీసింది. చేతిని పుడిసిలిలా వంచి, ఏదో ఒలికిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా లోపలికి దించి, వేళ్ళు విప్పింది. కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. ఖాళీ చెయ్యి బయటికి తీసి మూత పెట్టింది.

రెమ్‌సాంగి గొంతు సవరించుకుంది.

"ఏమే, ఇంత పొద్దున్నే వచ్చావు?"

"డబ్బా కోసం, పి. కొత్త కోడలికి ఇవ్వాలట."

ముసలామెకు అర్థమైంది. డబ్బాను చెంగుతో తుడిచింది. ఒకసారి తుడిచినచోటే మళ్ళీ తుడిచింది. "మూత బిగుతు. ఎడమకి తిప్పాలని ఆ పిల్లకి చెప్పు." చేతికి ఇవ్వబోయి ఆగింది. "సాయంత్రం దాకా ఉంచరాదూ? సాయంత్రం పూటది ఇంకా వెయ్యలేదు."

"ఏం వేస్తున్నావు, పి? ఇందులో ఏమీ లేదు గదా."

"ఆ సంగతి ఆయనకి తెలుసులే." పొయ్యిలో కట్టె లోపలికి తోసింది. "మానితే చెయ్యి మరిచిపోతుందే. ఈ వయసులో మరిచిపోతే మళ్ళీ రాదు."

వంటవేళకు ఎవరొచ్చినా అన్నం తినకుండా పంపే ఇల్లు కాదు అది. ఈవేళ ముసలామె తినమనలేదు. అది తోచాక రెమ్‌సాంగి అడగకుండానే వంగి గిన్నె మూత ఎత్తింది. నీళ్ళలో పెరటి తీగకు కాసిన సీమవంకాయ ముక్కలు, ఉప్పు. గోడవార బియ్యం డ్రమ్ము బోర్లించి ఉంది.

"ఎప్పటినుంచి, పి?"

"బియాకా పోసి వెళ్ళినవి అయిపోయినప్పటినుంచి. రేషను కార్డు వాడి పేరున ఉంది. డిపో దాకా ఈ మోకాళ్ళు దిగవు." ఆమె మొహం తిప్పుకుంది. "ఎవరికీ చెప్పకు. చచ్చే ముందు ఊరికి బరువయ్యానని అనిపించుకోలేను."

రెమ్‌సాంగి డబ్బాను మళ్ళీ గూట్లోనే పెట్టింది. ఒట్టి చేతులతో మెట్లు దిగింది.

కొళాయి దగ్గర కైమవీ ఉంది. "డబ్బా ఏదే? ఇవ్వనందా?"

నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు రెమ్‌సాంగి. ముసలామె చెప్పొద్దన్న మాట దాటుతున్నానని తెలుసు. అయినా చెప్పింది.

"ఆ ఇంట్లో రెండు నెలలుగా బియ్యం లేవు."