కూర్మయ్య వదిలేసిన ఖాళీ

కూర్మయ్యకి కాలు ఒకచోట నిలవదు. శ్రీకాకుళంలో వరదగట్ల పనులు చూసే ఆఫీసులో లెక్కల గుమస్తా. అరవయ్యెనిమిదిలో కంప్యూటరంటే పేరు విన్నవాళ్లే తక్కువ, ఈ మహానుభావుడు దానికి ప్రోగ్రామే రాశాడు. నాగావళి ఒడ్డున ఏ ఊరికి ఎంత ఎత్తు గట్టు వెయ్యాలో అది లెక్కకడుతుంది. మెషీను కలకత్తాలో ఉంది. మర్నాడు స్టేషన్లో కాయితాలు అందిస్తే ఇంజనీరు జగన్నాధం మెయిలు రైల్లో అక్కడికి పట్టుకెళ్తాడు.

ప్రోగ్రాము ఒక్కటే. నడిపిన ప్రతిసారీ పై వరసలో దానికి సంగతులు చెప్పాలి. ఊరేది, వరదెంత ఎత్తుకొచ్చింది, గట్టు మట్టిదా రాతిదా అని. ఒక్కో సంగతి ముందు ఒక గుర్తు అక్షరం. ముందూ వెనకా రాసినా గుర్తు చూసి దేనికది విడదీసుకుంటుంది. అది తన సొంత తెలివని కూర్మయ్య ఆఫీసంతా చెప్పుకు తిరిగాడు.

అత్తవారి ఊరి వరద కొలత మాత్రం రికార్డుల్లో లేదు. పోనీలెమ్మని గుర్తు రాసి, పక్కన ఖాళీ వదిలేశాడు.

ఆ సాయంత్రం భోజనానికి కూర్చుంటే కుండలో అన్నం లేదు. భార్య గున్నమ్మ నింపాదిగా చెప్పింది.

"తింతావో తినవో సెప్పనేదు గదా మావా. సెప్పకపోతే ఒద్దన్నట్టే అనుకున్నాను."

కూర్మయ్య పీట మీంచి చివాల్న లేచాడు. అన్నం కోసం కాదు లెండి. ఆ మెషీనూ అంతే! ఖాళీ కనబడితే సున్నా అని చదువుకుంటుంది. సున్నా అంటే ఆ ఊరికి వరదే రాలేదని. వరద రాని ఊరికి గట్టెందుకని కొట్టిపారేస్తారు.

ఇంక కూర్చోలేడు, నిలబడలేడు. గుర్తు పక్కన ఏమీ లేకపోతే లెక్క ఆపేసి, చెప్పలేదని అచ్చుకొట్టమంటూ ప్రోగ్రాములో కొత్త వరసలు చేర్చాడు. కానీ లెక్క ఆగితే గట్టు రాదు గదా, కొలత కావాలి. తెల్లారగానే కాయితాలు సంచిలో పెట్టుకుని అత్తవారి ఊరికి సైకిలెక్కాడు. దారిలో చైను ఊడితే సైకిల్నీ తననీ కలిపి తిట్టుకున్నాడు.

అత్త మరిడమ్మ పశువుల సాలలో పేడ తీస్తోంది. మంచినీళ్లయినా ముట్టకుండా, పెద్ద వరదకి నీరెందాకా వచ్చిందని అడిగాడు. ఆవిడ నిటారుగా నిలబడి చెయ్యి పీకకి ఆనించింది. కూర్మయ్య టేపు తీసి నేలనుంచి కొలుస్తూ, ఇన్నాళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదని విసుక్కున్నాడు.

"నన్నెవులడిగినారు బాబూ?" అంది మరిడమ్మ. "పిల్లని నెత్తిమీదికెత్తి, నీరు తీసేదాకా ఇలాగే నిలబడ్డాను. ఆ పిల్లే నీ పెళ్లాం."

కూర్మయ్య టేపు చుట్టేశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కనాడూ అడగలేదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. అంకె రాసుకుని, ఆమదాలవలస స్టేషనుకి ఒగర్చుకుంటూ తొక్కాడు.

మెయిలు కదలబోతుండగా కాయితాలు అందాయి. రికార్డుల్లో కొలతే లేని ఊరికి అంకె ఉండటం చూసి, ఇది ఏ రికార్డులో దొరికిందయ్యా అని జగన్నాధం కిటికీలోంచి అడిగాడు.

జవాబు చెప్పబోయి కూర్మయ్య ప్లాట్‌ఫారం మీదే బావురుమన్నాడు.