వెలిగి ఆరిన టెస్టు బల్బు

చలికాలంలో తెల్లవారుతుండగా ఆళ్లగడ్డలో మా ఆసుపత్రి వెనక జీపు స్టార్టు చేసేటప్పుడు ఒక వాసన వస్తుంది. సగం కాలిన డీజిలు వాసన, దాని వెంటే వేడెక్కిన తీగె వాసన. ల్యాబు కిటికీ తెరిచి ఉంటే ఆ తెల్లటి పొగ నేరుగా నా బల్ల మీదికే వస్తుంది. డ్రైవరు ఓబులేసన్న హీటరు స్విచ్చి వేసి, ఇంజను తిప్పకుండా కాసేపు కదలక కూర్చుంటాడు. ఆ కాసేపూ నేను మైక్రోస్కోపు మీది నుంచి తలెత్తి ఊపిరి బిగబట్టుకుని ఉంటాను. ఇంజను అందుకున్నాక గానీ మళ్ళీ పనిలో పడలేను. నర్సులు చూసి నవ్వుతారు. వాళ్ళకు కారణం ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలంటే దేవదానం పెదనాయన గురించి చెప్పాలి. మాట్లాడటం కన్నా రాయడం నాకు తేలిక కనుక ఇక్కడ రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో మేము నంద్యాలలో ఆత్మకూరు బస్సులు పోయే రోడ్డు పక్కన ఒక ఇంటి వెనక భాగంలో అద్దెకుండేవాళ్ళం. ముందు భాగంలో దేవదానం పెదనాయన కొట్టు. ఆయన మాకు చుట్టం కాడు. ఒకే చర్చికి పోయేవాళ్ళం, బడిలో మాస్టరైన మా నాయన ఆయన్ను అన్నా అని పిలిచేవాడు, అందుకని నాకు పెదనాయన. లారీలకు, జీపులకు, ట్రాక్టర్లకు వైరింగు పని చేసేవాడు. ఇంజను విప్పడు, టైరు ముట్టడు. కరెంటు యాడ ఆగిపోయిందో వెతికి పట్టుకోవడమే తన పని అనేవాడు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. డిగ్రీలో ఒక పేపరు పోయి ఇంట్లో ఉన్నాను. కొట్టుకూ మా ఇంటికీ మధ్య ఉన్న గడప మీద వెలుతురు బాగుండేది. లైబ్రరీ పుస్తకం పెట్టుకుని అక్కడే కూర్చునేదాన్ని. కొత్తవాళ్ళు పేరు అడిగినా నాకు గొంతు పెగిలేది కాదు. రోజంతా నోట్లో ఆగిపోయిన మాటలన్నీ సాయంత్రం డైరీలో రాసుకునేదాన్ని.

పెదనాయన నోరు మాత్రం ఊరుకునేది కాదు. "బండికేమైందప్పా?" అని అడిగితే డ్రైవర్లు "చెడిపోయింది" అనేవాళ్ళు. "బాగుంటే నా మొగం చూసేదానికి తెచ్చినావా? ఏం చూసినావో అది చెప్పు. ఏమైందో నేను చెప్తా," అనేవాడు. వాళ్ళు చెప్పినదంతా వినేదాకా చెయ్యి పెట్టేవాడు కాదు. తర్వాత టెస్టు బల్బు తీసేవాడు. ఒక చిన్న బల్బు, దానికి రెండు తీగెలు. ఒక తీగె బండి ఇనుముకు తగిలించి, రెండోదాని మొన ఒక్కొక్క చోట ఆనించుకుంటూ పోతే కరెంటు వచ్చిన చోట బల్బు వెలుగుతుంది, రాని చోట వెలగదు. "యాడిదాకా ఎలిగిందో, యాడ ఆరిందో, ఆ రెండిటి నడిమి ఉంటాది రోగం," అనేవాడు. చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి ఆ వెతుకులాట చూడటం నాకు ఎప్పుడు అలవాటైందో గుర్తులేదు.

ఒకరోజు కొట్టులో ఎవరూ లేనప్పుడు నన్ను పిలిచాడు. "పాపా, ఈడికి రా. ఈ బల్బు చూడు. ఎలిగిందా?"

బల్బు ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉంది. పట్టపగల్లా వెలుగుతోంది. ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నాను. ముఖం చూస్తే ఎగతాళి లేదు. అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. తీగెల రంగులు డ్రైవర్లనే అడగడం, నట్టును వేళ్ళతో తడిమి తడిమి పట్టుకోవడం, చర్చిలో పాటల పుస్తకం తెరిచి పెట్టుకుని కంఠతా వచ్చినవి మాత్రమే పాడటం. కంటి నరం ఎండిపోతోందని, ఆపరేషన్‌తో కూడా చూపు రాదని పెద్ద డాక్టరు చెప్పేశాడట. "ఎవురికీ చెప్పొద్దు పాపా. గుడ్డోని చేతికి ఎవురన్నా కరెంటు పని ఇస్తారా?" అన్నాడు. నేను తల ఊపాను. అది ఆయనకు కనబడలేదని తెలిసి, "చెప్పను" అన్నాను. బయటివాళ్ళతో అంత స్పష్టంగా నేను పలికిన మొదటి మాట బహుశా అదే.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆయన చేతులు, నా కళ్ళు. వచ్చినవాళ్ళకు, మాస్టరు కూతురు పని నేర్చుకుంటోంది అని చెప్పేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు, నేను తల వంచుకునేదాన్ని. ఆయన పట్టుదల ఒక్కటే, చూసింది గట్టిగా చెప్పాలి. "ఎలిగినట్టుంది" అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఉన్నట్టు, లేనట్టు నాకొద్దు. ఎలిగింది, ఎలగలేదు, తెలీలేదు. ఈ మూడిట్లో ఒకటి చెప్పు. తెలీలేదనేది కూడా జవాబే పాపా, దానికి సిగ్గు పడాల్సిన పనిలేదు." కొట్టులో మేమిద్దరమే ఉన్నప్పుడు చెప్పగలిగేదాన్ని. నలుగురు మగవాళ్ళు చుట్టూ నిలబడితే నా గొంతు నాకే వినపడేది కాదు.

ఆ చలికాలంలో ఓబులేసన్న ఆళ్లగడ్డ నుంచి ఆసుపత్రి జీపు తెచ్చాడు. డాక్టరమ్మ పల్లెలకు పోయే డీజిలు జీపు అది. చలికి డీజిలు ఇంజను ఒక పట్టాన అందుకోదు. అందుకని దానికి నాలుగు హీటరు ప్లగ్గులుంటాయి. స్విచ్చి వేస్తే అవి లోపల ఎర్రగా కాగి ఇంజనును వెచ్చబరుస్తాయి. డ్రైవరుకు తెలియడానికి స్టీరింగు ముందున్న పలక మీద చిన్న తీగెచుట్ట కూడా వాటితోపాటే ఎర్రబడుతుంది. నాలుగింటికీ కరెంటు ఒకే వరసలో, ఒకదాని గుండా ఇంకొకదానికి పోతుంది. ప్లగ్గుకూ ప్లగ్గుకూ మధ్య రేకు పట్టీ ఉంటుంది. వరసలో ఎక్కడ తెగినా నాలుగూ చల్లగానే ఉంటాయి, ముందున్న చుట్టా ఎర్రబడదు.

"ఒకరోజు ఎర్రగైతాది, ఒకరోజు కాదన్నా. బిరీన చూసి పంపీ, డాక్టరమ్మ కాసుకోనుంటాది," అన్నాడు ఓబులేసన్న. మిట్టమధ్యాహ్నం, నడినెత్తిన ఎండ. ఇంకో ఇద్దరు లారీ డ్రైవర్లు బీడీలు కాలుస్తూ చుట్టూ నిలబడ్డారు. పెదనాయన తీగె మొన ఆనిస్తూ పోయాడు, నేను బల్బు చూస్తూ చెప్తూ పోయాను. మొదటి ప్లగ్గు దగ్గర వెలిగింది. రెండోదాని దగ్గర వెలిగింది. రెండో ప్లగ్గుకూ మూడోదానికీ మధ్య పట్టీ చివర ఆనించినప్పుడు వెలిగి, వెంటనే ఆరిపోయింది. ఎండకు నాకే అలా అనిపించిందేమో అనుకున్నాను. ఇంకోసారి ఆనించమని అడగాలి. అడిగే లోపల ఒక డ్రైవరు, "ఏం పాపా, బల్బును చూడమంటే నేలను చూస్తాండావే?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను గబుక్కున "వెలిగింది" అన్నాను. ఆ తర్వాతి చోట వెలగలేదు. మూడో ప్లగ్గు పోయిందని పెదనాయన దాన్ని తీసి డబ్బాలో వేసి, కొత్తది బిగించాడు. ముందు పలకలో చుట్ట ఎర్రబడింది. ఓబులేసన్న సంతోషంగా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం డైరీలో ఇలా రాసుకున్నాను: "పట్టీ దగ్గర వెలిగి ఆరింది. నేను వెలిగింది అన్నాను. రేపు పెదనాయనకు చెప్పాలి." మరుసటి రోజు ఆయన జ్వరంతో పడుకుని ఉన్నాడు. జీపు బాగానే వెళ్ళింది కదా అనుకుని ఊరుకున్నాను.

మూడోరోజు జీపు మళ్ళీ వచ్చింది. ఈసారి డాక్టరమ్మ కూడా దిగింది. ఓబులేసన్న ముఖం మాడిపోయి ఉంది. ముందురోజు తెల్లవారుజామున కొండ కింది పల్లె నుంచి కాన్పు కష్టమైందని కబురు వచ్చిందట. జీపు ఎంతసేపటికీ అందుకోలేదు. పొద్దెక్కాక నలుగురు తోస్తే కదిలింది. వీళ్ళు చేరేసరికి తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

"వీడు నిద్రమత్తులో హీటరు వేయకుండా ఊరికే తిప్పి తిప్పి బ్యాటరీ దించేశాడు. ఇప్పుడు హీటరే పని చేయలేదంటున్నాడు," అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువుంది. "దేవదానం చేసిన పని రెండు రోజుల్లో పోతుందా? ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా పోయిందా? నిజం చెప్తే ఉంచుతాను, లేకపోతే తాళాలు ఇచ్చి పొమ్మన్నాను."

"ఏసినానమ్మా. నూరు లెక్కపెట్టినా. ఎర్రగ కాలేదమ్మా," అన్నాడు ఓబులేసన్న. అంతకుమించి ఒక్క మాట బతిమాలలేదు.

డాక్టరమ్మ వంగి స్విచ్చి వేసింది. అందరూ చూస్తుండగానే చుట్ట ఎర్రబడింది. ఓబులేసన్న దానివైపు చూసి, జేబులోంచి తాళాలు తీసి బానెట్ మీద పెట్టాడు.

పెదనాయన లోపలికి పోయి, మొన్న తీసిన ప్లగ్గును డబ్బాలోంచి తడిమి తీసుకొచ్చాడు. పాత బ్యాటరీ సెల్లు ఒకటి ఉండేది, దానికి తగిలించాడు. "పాపా, ఏం కనపడతాంది?"

ప్లగ్గు మొన ఎర్రగా కాగింది. "ఎర్రబడింది," అన్నాను.

"అంటే బాగున్న ప్లగ్గును పీకేసినా." ఆయన ముఖం నావైపు తిరిగింది. కళ్ళు నా భుజం పక్కగా ఎక్కడో చూస్తున్నాయి. "ఆ పొద్దు పట్టీ కాడ ఏం చూసినావో చెప్పు."

అందరూ నన్నే చూస్తున్నారు. బీడీల డ్రైవర్లూ ఉన్నారు. నిజం చెప్తే బల్బును చూసింది ఆయన కాదని తెలిసిపోతుంది, ఎందుకు కాదో కూడా తెలిసిపోతుంది. చెప్పకపోతే ఓబులేసన్న అబద్ధాలకోరుగా ఇంటికి పోతాడు. ఎటు చెప్పినా ఆ బిడ్డ తిరిగి రాదు. ఆయన తొందరపెట్టలేదు. బల్బు ఆనించి పట్టుకుని నా జవాబు కోసం కాచుకున్నట్టే నిలబడ్డాడు.

"వెలిగి ఆరింది," అన్నాను. "వెలిగింది అని మాత్రమే చెప్పాను. తప్పు నాది." రోడ్డు అవతలికి కూడా వినపడేంత గట్టిగా అన్నానట. తర్వాత అమ్మ చెప్పింది.

పెదనాయన బానెట్ కింద చెయ్యి పెట్టి, ఆ పట్టీని వేలితో కొంచెం కదిపాడు. "ఇప్పుడు చూడండమ్మా పలకలో."

చుట్ట ఆరిపోయింది. వదిలితే మళ్ళీ ఎర్రబడింది. నట్టు కింద పట్టీ వెంట్రుకంత పగిలి ఉంది. మొన్న బిగించినప్పుడు అతుక్కున్నది ఆళ్లగడ్డ రోడ్డు కుదుపులకు మళ్ళీ విడిపోయింది. "ఓబులేసు అబద్ధం చెప్పలేదు. ఈ పాపదీ కాదు తప్పు. నాకు కండ్లు కనపడవు డాక్టరమ్మా. రెండేండ్లాయె. దాచుకోని ఈ పిల్ల మీద మోపినా," అన్నాడు.

డాక్టరమ్మ బానెట్ మీది తాళాలు తీసి ఓబులేసన్న చేతిలో పెట్టింది. పెదనాయన కొత్త పట్టీ వేసి, నాలుగు ప్లగ్గులనూ మళ్ళీ మొదటి నుంచి చూపించాడు. ఒక్కొక్కటీ నాతో చెప్పించాడు. ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి డైరీ తీసుకెళ్ళి, మొన్నటి పేజీ ఆయనకు చదివి వినిపించాను. ఇంకా ఏదో దాచినట్టు అనిపించి ఉండలేకపోయాను. ఆయన అంతా విని అన్నాడు. "నిజమే రాసుకున్నావ్. రాసుకుంటే చాలదు పాపా. తీగె పట్టుకున్నోనికి ఇనపడాల." ఆయన నన్ను కోప్పడి ఉంటే ఆ మాట ఇన్నేళ్ళు నాలో ఉండేది కాదేమో.

నెల తిరక్కుండానే కొట్టుకు బండ్లు రావడం తగ్గింది. ఎవరినీ తప్పుపట్టలేం. ఎండాకాలానికి ఆయన కొట్టు మూసేసి గోస్పాడులో తమ్ముడింటికి వెళ్ళిపోయాడు. నేను మిగిలిన పేపరు రాసి ల్యాబు పని నేర్చుకోవాలనుకున్నప్పుడు సిఫారసు ఉత్తరం ఇచ్చింది, తర్వాత ఆళ్లగడ్డ ఆసుపత్రిలో పనిలో పెట్టుకుంది డాక్టరమ్మే. "మెల్లగా మాట్లాడితే నాకు పనికిరావు," అని మాత్రం హెచ్చరించింది. సెలవు దొరికినప్పుడల్లా గోస్పాడు వెళ్ళి ఆయనకు పుస్తకాలు చదివి వినిపించేదాన్ని. మధ్యలో ఆపి, "ఆ అద్దం కింద ఏం చూస్తావ్ పాపా? జ్వరం పురుగు ఉందో లేదో ఎట్ల చెప్తావ్?" అని అడిగేవాడు. ఉంది, లేదు, తెలియలేదు అని రాస్తానంటే తృప్తిగా నవ్వేవాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. చివరి రోజుల్లో కూడా నన్ను అడుగుల చప్పుడును బట్టి పోల్చుకునేవాడు.

ఆ బిడ్డ సంగతి నేను మరచిపోలేదు. జీపు సమయానికి పోయి ఉంటే బతికేదా అని ఒకసారి డాక్టరమ్మను అడిగాను. "తెలియదు," అంది. ఆమె ఓదార్చడానికి వేరే మాట చెప్పనందుకు మనసులో దండం పెట్టుకున్నాను.

ఈ ఉదయం కొత్తగా వచ్చిన చిన్న డాక్టరు నా బల్ల పక్కన నిలబడి, ఒక పిల్లవాడి రక్తంలో మలేరియా పురుగు గురించి "ఉందా లేదా, త్వరగా చెప్పండి" అన్నాడు. ఒకచోట ఉన్నట్టు కనబడి మళ్ళీ దొరకలేదు. పాత అలవాటుగా తల వంచుకోబోయి ఆగాను. "తెలియలేదు. ఇంకో స్లైడు చేసి చూస్తాను," అని ఆయన వినేలా చెప్పాను. ఆయన విసుక్కుని వెళ్ళాడు. స్లైడు చేస్తుండగా కిటికీ అవతల జీపు తలుపు చప్పుడైంది. తర్వాత ఆ నిశ్శబ్దం. ఆనాటి నుంచి ఓబులేసన్నకు ఒక అలవాటు. జీపులో తను ఒక్కడే ఉన్నా సరే, చుట్ట ఎర్రబడగానే కిటికీ వైపు తిరిగి, "ఎర్రగైంది!" అని గట్టిగా అరుస్తాడు. ఈరోజూ అరిచాడు.

"ఇనపడిందన్నా," అన్నాను నేను. ఇంజను అందుకుంది.