వెనక్కి రాగలిగే దారి

నలభై ఏడో ఏడు వచ్చేదాకా ఫిలోమినా పెద్ద పెద్ద కొండలను తెర మీద చూడటమే. ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పుకుని బతికే మనిషి ఆమె. కథానాయికలకు కాదు, కథానాయిక స్నేహితురాలికి, వదినకు, ఆసుపత్రిలో నర్సుకు, పక్కింటావిడకు. మాటల్లేని శబ్దాలు, అంటే ఏడుపులు, కేకలు, ఆయాసాలు కూడా ఆమె చేతే చెప్పించేవారు. ఒకసారి తెర మీద కథానాయిక మంచుకొండ ఎక్కుతూ రొప్పుతుంటే, జూబ్లీహిల్స్‌లో ఒక చీకటి గదిలో మైకు ముందు నిలబడి, ఉన్నచోటనే గెంతి గెంతి ఆ రొప్పు తెప్పించింది. అద్దం అవతల కూర్చున్నవాళ్లు చాలా సహజంగా వచ్చిందన్నారు.

నిజానికి ఎత్తంటే ఆమెకు భయం. సొంత ఊరు విజయవాడ. చిన్నప్పుడు గుణదల కొండమీది శిలువ దగ్గరకు మెట్లెక్కుతూ సగంలో కిందికి చూసి, కాళ్లు బిగుసుకుపోయి కూర్చుండిపోయింది. వాళ్ల నాన్న వీపున వేసుకుని దించాడు. ఆ తరవాత మేడ మెట్లయినా గోడ పట్టుకునే ఎక్కేది. పెళ్లి చేసుకోలేదు. సినిమా పనులు మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన రోజుల్లో తనూ వచ్చి, షేక్‌పేటలో భూలక్ష్మి ఇంటి పై వాటా కిరాయికి తీసుకుని అక్కడే ఉండిపోయింది. హైటెక్ సిటీలో ఉద్యోగం రాగానే అక్క కూతురు షాలిని కూడా వచ్చి ఆమె దగ్గరే చేరింది.

2005 చివర్లో ఫిలోమినా గొంతు బొంగురుపోయింది. స్వరపేటిక మీద చిన్న గడ్డలు లేచాయనీ, కొన్ని వారాలు పెదవి విప్పకుండా ఉంటే వాటంతటవే తగ్గవచ్చనీ డాక్టరు చెప్పాడు. పని లేదు, మాట లేదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఇంటావిడ భూలక్ష్మి పొద్దున్నే ఆమెను కేబీఆర్ పార్కుకు లాక్కుపోయేది. భూలక్ష్మి మాట్లాడుతూ నడిచేది, ఫిలోమినా వింటూ నడిచేది. కొన్నాళ్లకు భూలక్ష్మి ఒక చుట్టుకే అలసిపోయి బెంచీ మీద కూర్చోసాగింది. ఫిలోమినా రెండో చుట్టు ఒంటరిగా తిరిగేది. నెమళ్లు అడ్డం వచ్చేవి. రాళ్ల మధ్య దారి ఎక్కేది, దిగేది. ఏళ్లతరబడి ఇంకొకరి పెదవులు ఎప్పుడు కదిలితే అప్పుడు మాట్లాడిన మనిషికి తన ఇష్టం వచ్చినంత మెల్లగా నడవడం ఎంత హాయిగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

గొంతు తిరిగి వచ్చాక ఆమె అన్న మొదటి మాటల్లో ఒకటి, “నాకు నిజమైన కొండ మీద నడవాలని ఉందే,” అని.

షాలిని సంతోషించింది. ఆఫీసు స్నేహితులు ఆ ఆదివారమే అనంతగిరి కొండలకు వెళుతున్నారు, రమ్మంది. వికారాబాద్ దాటి అడవిలోకి దిగగానే కుర్రకారంతా ముందుకు దూకారు. ఫిలోమినా వెనకబడింది. వాళ్లు మంచివాళ్లే. ప్రతి మలుపు దగ్గరా ఆగి, “ఆంటీ, మెల్లగా రండి, ఏం తొందర లేదు,” అనేవారు. ఆమె చేరేసరికి వాళ్ల విశ్రాంతి అయిపోయేది, మళ్లీ బయల్దేరేవారు. ఆమెకు మాత్రం ఎక్కడా ఆగే వీలు లేదు. చివరికి ఒక నున్నటి బండ దగ్గర కాళ్లు కదలకుండా మొరాయించాయి. పైనుంచి అందరూ చప్పట్లు కొట్టారు. ఇద్దరు అబ్బాయిలు దిగివచ్చి చెరో చెయ్యి పట్టుకుని పైకి లాగారు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

“ఏంటి పిన్నీ, కోపమా?” అంది షాలిని.

“కోపం కాదు. నేను నడవలేక ఆగలేదే. మీరందరూ చూస్తూ నిలబడేసరికి కాళ్లు రాలేదు. నేనొక్కదాన్నే నడవాలి.”

“ఒక్కదానివా? గోడ పట్టుకోకుండా మేడ ఎక్కలేవు.”

“గోడ పట్టుకునే ఎక్కుతాను. కానీ నా అంతట నేనే ఎక్కుతాను.”

షాలిని ఇక వాదించలేదు. పిన్ని మెత్తటి మనిషే కానీ ఒకసారి తల విదిలించిందంటే వెనక్కి తగ్గదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఎక్కడికి వెళ్లాలన్నదే ప్రశ్న. ఆ కబురు స్టూడియోలో తెలిసింది. సినిమాలకు ప్రొడక్షన్ మేనేజరుగా చేసే ఓంప్రకాష్ క్యాంటీన్‌లో ఆమెను పట్టుకున్నాడు. పాటల చిత్రీకరణ కోసం దేశంలో చూడని కొండ లేదని పేరున్న మనిషి.

“మనాలి పోండి మేడం. ఫికర్ చేయకుండ్రి. నేను గాడ ఎన్నిసార్లు పోయిన్నో లెక్క లేదు. మంచు, దేవదారు చెట్లు, ఏమున్నది మేడం, జన్నత్, స్వర్గమే అనుకోండ్రి.”

“అక్కడ నడిచే దారి ఎలా ఉంటుందండీ? ఒక్కదాన్నే వెళితే దారిలో మనుషులు కనబడతారా? మోకాలు పట్టేస్తే వెనక్కి ఎలా రావాలి?”

ఓంప్రకాష్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నిజాయితీగా చెప్పాడు. “గదైతే నాకు తెల్వదు మేడం. మేం యూనిట్ మొత్తం కార్ల పోయినం, కార్ల వచ్చినం. నడిచింది లేదు.”

షాలిని ఆఫీసులో ఇంటర్నెట్ చూసి ప్రింట్లు తీసుకొచ్చింది. మొదటిది పదహారు వేల అడుగుల ఎత్తున ఉన్న ఒక సరస్సు. ఫొటో చూడగానే ఫిలోమినా మనసు అటు లాగింది. గుడారాల్లో పడుకోవాలని, గుంపుతో తప్ప వెళ్లకూడదని రాసి ఉంది. దాన్ని పక్కన పెట్టింది. రెండోది కర్ణాటకలో పచ్చటి కొండ. ఒక రోజులో ఎక్కి దిగవచ్చు. కానీ అడవిలో పొద్దంతా నడిచినా మనిషి ఎదురుపడకపోవచ్చునట. అదీ వద్దనుకుంది.

“ఇలా అన్నీ వద్దంటే చివరికి మన పార్కే మిగులుతుంది,” అంది షాలిని.

“నాకు భయమని నాకు తెలుసు కదా. భయం లేనివాళ్లు నడిచే దారి నాకెందుకు? భయపడుతూ కూడా నడవగలిగేది కావాలి.”

మూడో కాగితం ఉత్తరాంచల్‌లోని పూలలోయది. గోవింద్‌ఘాట్ అనే చోట బస్సు దిగి, ఒక పగలంతా నది పక్కన నడిస్తే ఘాంఘరియా అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ గదులు దొరుకుతాయి. అక్కడి నుంచి ఒక దారి హేమ్‌కుండ్ అనే సిక్కుల పుణ్యక్షేత్రానికీ, ఇంకొకటి పూలలోయకూ పోతాయి. వేసవి దాటాక యాత్రికులు వేలమంది నడుస్తారు. ఫిలోమినా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కాగితం మీద నమ్మకం కుదరక, మర్నాడు బస్సెక్కి అమీర్‌పేట గురుద్వారాకు వెళ్లింది. ఎప్పుడూ అడుగుపెట్టని చోటు. తలమీద కొంగు కప్పుకుని, లోపల రొట్టెలు చేస్తున్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని, హేమ్‌కుండ్ వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

పిండి ముద్దలు చేస్తున్న ఒక పెద్దావిడ తలెత్తింది. పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోనేనట, తెలుగు మన షేక్‌పేట మనిషిలాగే మాట్లాడింది.

“నేను పోయొచ్చిన బిడ్డా. అప్పటికే మనవరాండ్లున్నరు నాకు. బాట వెడల్పుగనే ఉంటది. అక్కడక్కడ చాయ్ హోటళ్లుంటయ్. ఎవరన్న ఒకరు కనబడుతనే ఉంటరు.”

“లోయ వైపు గోడ ఉంటుందాండీ?”

“అంతటా ఉండదు. గుర్రాలు ఎదురొస్తే నువ్వు పహాడ్ దిక్కు నిలబడు, లోయ దిక్కు నిలబడకు. గదొక్కటి యాదుంచుకో.” కాస్త ఆగి అడిగింది. “భయమైతుందా?”

“అవునండీ.”

“నాకు గూడ అయింది. ఏడనైనా సరే వెనక్కి తిరిగి రావొచ్చు, ఎవరూ ఏమనరు. గట్ల అనుకుంటనే పైదాంక పోయిన.”

ఇంటికి వచ్చేసరికి ఫిలోమినా నిర్ణయం అయిపోయింది. వెనక్కి రాగలిగే దారి అది. ఆమె వెతుకుతున్నదీ అదే.

ఆ తరవాత కొన్ని నెలలు ఆమె పార్కుతో ఆగలేదు. వీపున సంచీలో నీళ్ల సీసాలూ బియ్యమూ వేసుకుని ఫిల్మ్‌నగర్ ఎత్తులన్నీ ఎక్కి దిగింది. కొత్త ఇళ్ల కోసం బండలు పగలగొడుతున్న చోట్ల, కాపలావాళ్లు వింతగా చూస్తుంటే, గోడ లేని వాలు పక్కన నిలబడటం అలవాటు చేసుకుంది. మొదట ఒక నిమిషం నిలబడితే చెమటలు పట్టేవి. జూన్ వచ్చేసరికి చెమటలు తగ్గలేదు కానీ నిలబడే సేపు పెరిగింది. అనంతగిరికి కూడా ఒక్కతే మళ్లీ వెళ్లింది. ఆ నున్నటి బండను చూసి, పక్కనుంచి చుట్టుదారి వెతుక్కుని పైకి చేరింది.

బయల్దేరే ముందురోజు భూలక్ష్మి పై వాటాకు ఎక్కివచ్చింది. “ఏందమ్మా, నిజంగనే ఒక్కదానివే పోతున్నవా? జరంత జ్వరమొస్తే నీళ్లిచ్చే దిక్కుండొద్దా?”

“గదులున్న ఊళ్లోనే పడుకుంటాను వదినా. జ్వరమొస్తే నడవను, తగ్గేదాకా ఉంటాను.”

“నీకు ధైర్యమెక్కువైంది.”

“ధైర్యం కాదు వదినా. అడిగి తెలుసుకున్నాను, అంతే.”

జూలై చివర్లో గోవింద్‌ఘాట్‌లో చిన్న వాన పడుతుండగా ఆమె నడక మొదలుపెట్టింది. అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. యాత్రికులు పలకరిస్తూ దాటిపోయారు. గుర్రాల గంటలు వినబడ్డప్పుడల్లా కొండకు ఆనుకుని నిలబడింది. చాయ్ దుకాణం వచ్చిన ప్రతిచోటా ఆగింది. ఒక గుర్రపాయన, గుర్రమెక్కమని మైలు దూరం బతిమాలాడు. ఆ గుర్రాలు సరిగ్గా అంచు మీదుగా నడవడం చూసి వద్దంది. సాయంత్రానికి ఘాంఘరియా చేరి, తడిసిన బూట్లు విప్పి, వేడి పప్పూ అన్నమూ తిని పడుకుంది.

తెల్లవారి ఊరు దాటాక దారి రెండుగా చీలింది. అక్కడ ఫిలోమినా ఆగిపోయింది. జనమంతా కుడివైపు హేమ్‌కుండ్‌కు ఎక్కుతున్నారు. పాటలు, కర్రలు, గుర్రాలు, పిల్లలు. ఎడమవైపు పూలలోయ దారిలో ఒక్క మనిషి లేడు. ఏ జనాన్ని చూసుకుని ఇంత దూరం వచ్చిందో ఆ జనం ఆమెకు కావలసిన చోటికి పోవడం లేదు. ఈ సంగతి ఏ కాగితంలోనూ లేదు. గురుద్వారాలో అడగాలని తనకూ తోచలేదు.

కాసేపు ఆ చీలిక దగ్గరే రాతి మీద కూర్చుంది. కుడివైపు వెళితే ఎవరూ తప్పనరు. కానీ తను చూడాలనుకున్నది లోయ. లేచి ఎడమవైపు చెక్‌పోస్టుకు నడిచి, అక్కడి అటవీశాఖ ఉద్యోగిని వచ్చీరాని హిందీలో అడిగింది.

“ముందు ఎవరైనా వెళ్లారా?”

“ఇద్దరు. మొక్కల గురించి చదువుకునేవాళ్లు.”

“సాయంత్రం నేను రాకపోతే మీకు తెలుస్తుందా?”

“మీ పేరు ఈ పుస్తకంలో ఉంటుంది కదమ్మా. రాత్రికి లోపల ఎవరినీ ఉండనివ్వం. రాకపోతే మేమే వస్తాం.”

ఆ జవాబు చాలనుకుంది. వంతెన దాటాక దారి కొండ గోడను తొలిచినట్టు సన్నగా పైకి పోయింది. కింద నది హోరు. కాళ్లు బిగుసుకోవడం మొదలైంది. ఈసారి చప్పట్లు కొట్టేవాళ్లు లేరు, చెయ్యి పట్టేవాళ్లూ లేరు. కొండ వైపు తిరిగి, తడిరాయి మీద అరచేతులు ఆనించి, వణుకు ఉన్నంతసేపు ఉండనిచ్చింది. ఆమెను ఎవరూ తొందర పెట్టలేదు. వణుకు కాస్త నెమ్మదించాక, ఎదురుగా తెల్లబెరడు చెట్టొకటి చూసుకుని అక్కడిదాకా వెళ్లింది. తరవాత ఇంకో చెట్టు. ఆ తరవాత ఒక బండ. ప్రతిచోటా వెనక్కి పోదామా అని తనను తాను అడిగింది. ఇంకొంచెం పోదాం అని ప్రతిసారీ తనే చెప్పుకుంది.

మలుపు తిరిగేసరికి మబ్బు కింద లోయ పరుచుకుని ఉంది. గులాబీ, నీలం, పసుపు, నడుమెత్తు పూలు, వాటి మీద వాననీళ్లు. చాలా దూరంలో ఇద్దరు మనుషులు వంగి ఏదో చూస్తున్నారు. ఫిలోమినా దారి పక్కన బండ మీద కూర్చుని, కాగితంలో చుట్టి తెచ్చుకున్న చల్లటి పరాఠా తీసి తిన్నది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. బాగా ఆకలి వేసింది, ఇంకోటి తిన్నది.

మధ్యాహ్నం వాన పెరగకముందే లేచింది. దిగేటప్పుడు ఆ సన్నటి దారిలో మళ్లీ వణికింది, మళ్లీ ఆగింది, మళ్లీ నడిచింది. చెక్‌పోస్టు ఉద్యోగి ఆమెను చూసి తలూపి పేరు మీద గీత పెట్టాడు.

ఘాంఘరియాలో బసకు చేరగానే, రేపు గది ఖాళీ చేస్తారా అని యజమాని అడిగాడు. ఆమె బూట్ల తాళ్లు విప్పి కాళ్లు చూసుకుంది. పిక్కలు పీకుతున్నాయి, మోకాలు కాస్త వాచింది. లోయలో నది మలుపు అవతల ఇంకా చాలా దూరం పూలే ఉన్నాయి, అటు వెళ్లనే లేదు.

“ఇంకో రెండు రోజులు ఉంటానండీ,” అంది. “రేపు మోకాలికి విశ్రాంతి. ఎల్లుండి మళ్లీ లోయలోకి వెళతాను.”