జెర ఆగుండ్రి సార్

'జెర' అనే మాట వింటే అప్పట్లో నాకు ఒళ్లు మండేది. విజయనగరం వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో ఇల్లు తీసుకున్నవాళ్లం. మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. కొంచెం అని దానికి అర్థమట. నెట్ కనెక్షన్ వాళ్ల నోట్లో మాత్రం అది ఎప్పటికీ తేలని వ్యవహారం అని నేను తీర్మానించుకున్నాను. ఆ కోపంలో ఒక మనిషి పొట్ట కొట్టాను. చాలా ఏళ్లయింది, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఐటీ ఉద్యోగం ఉందంటే చాలు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టే రోజులవి. నాదీ ఐటీయే అని చెప్పుకునేవాణ్ణి. నిజానికి నేను చేసింది ఫోన్లు ఎత్తడం. ఆస్ట్రేలియా షిఫ్టు. తెల్లవారకముందే క్యాబ్ వచ్చేది, సాయంత్రానికి లాలాగూడలో మా ఇంటి దగ్గర దింపేది. ఆస్ట్రేలియా జనానికి ఇంట్లో ఇంటర్నెట్ రాకపోతే నాకు ఫోన్ చేసి తిట్టేవారు. వాళ్లను నేను అడగాల్సిన మొదటి ప్రశ్న కాగితం మీద రాసిచ్చారు. ప్లగ్గు పెట్టి ఉందా, దీపం వెలుగుతోందా? అడగ్గానే సగం మంది భగ్గుమనేవారు, నన్ను వెధవనుకుంటున్నావా అని. తీరా చూస్తే చాలాసార్లు ఆ ప్లగ్గే ఊడి ఉండేది. ఫోన్ పెట్టేశాక మేం కడుపుబ్బ నవ్వుకునేవాళ్లం.

పొద్దంతా తిట్లు తిన్నవాడికి సాయంత్రం ఎక్కడో ఒకచోట గెలవాలని ఉంటుంది. అందుకే గేమ్ కన్సోల్ కొన్నాను. ఆఫీసు స్నేహితులం నలుగురం ఎవరి ఇళ్లలో వాళ్లం కూర్చుని ఆన్‌లైన్‌లో ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. వారంలో రెండు మూడు సాయంత్రాలు, ఏడు దాటగానే, నా ఆటగాడు బంతి ముందు కొయ్యబొమ్మలా నిలబడిపోయేవాడు. ముప్పావుగంట తర్వాత ఏమీ ఎరగనట్టు నెట్ తిరిగొచ్చేది.

కేబుల్ మార్చాను. రౌటర్ ఆపి మళ్లీ వేశాను. కన్సోల్లో అడ్రసు అంకెలన్నీ చేత్తో కొట్టాను. నెట్ వాళ్ల దగ్గర నమోదైంది మా కంప్యూటర్ నంబరు కాబట్టి ఆ నంబరునే రౌటర్‌లోనూ పెట్టాను. కన్సోల్లో పరీక్ష పెడితే రౌటర్ దాకా టిక్కు, ఇంటర్నెట్ దగ్గర ఇంటూ. పై అంతస్తు వాళ్లను అడిగితే వాళ్లకూ లేదన్నారు. ఇంకేం, తప్పు మా ఇంట్లో లేదు. ఇది నా వృత్తి, నాకు తెలియదా?

నెట్ వైర్లు చూసే మా వీధి లైన్‌మన్‌కి నా కంటే నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటాయేమో. వైర్ల చుట్ట భుజాన వేసుకుని పాత మోపెడ్ మీద తిరిగేవాడు. ఫోన్ చేస్తే మొదటి మాటే, "సార్, జెర మీ వెనక బాల్కనీల డబ్బకు లైటుందా సూడుండ్రి."

మా మెట్లవైపు ఇళ్లన్నిటికీ నెట్ పంచే డబ్బా అది. నేను ఆఫీసులో ఉన్నప్పుడు అమ్మను అడిగి, మా వెనక బాల్కనీలో బిగించి వెళ్లాడు. ఆ బాల్కనీ అమ్మ రాజ్యం. చీపుర్లు, బకెట్లు, పిండి రుబ్బే గ్రైండరు. నేను అటు అడుగు పెట్టేవాణ్ణి కాను.

"నేనేం పని చేస్తానో తెలుసా నీకు? నాకే ప్లగ్గు చూసుకోమని చెప్తావా?" అని అరిచి ఫోన్ పెట్టేశాను. వాళ్ల ఆఫీసుకి కంప్లైంట్ రాశాను. పది రోజులకి ఇంకోటి.

రెండోది రాసిన మర్నాడు నేను లేనప్పుడు వచ్చి చూసి వెళ్లాడట. సాయంత్రం మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "కంప్యూటర్ల మూడు కంప్లైంట్లు పడితే నన్ను తీసేస్తరు సార్. మీయే రెండున్నయ్. సంగతేందో నాకు దొరికింది. జెర ఆగుండ్రి, ఆదివారం కల్లా మంచిగ చేస్త."

"దొరికితే ఏమిటో చెప్పు మరి."

వంటింటి వైపు ఒకసారి చూశాడు. "చిన్నదే సార్. నేను సూసుకుంట."

నాన్చుడు బేరం అనుకున్నాను. శుక్రవారం మా నలుగురి పోటీలో ఆఖరి ఆట. నేను ఒక గోలు ముందున్నాను. ఏడూ పదికి నా ఆటగాడు నిలబడిపోయాడు. అక్కడికక్కడే మూడో కంప్లైంట్ రాసి పెట్టుకుని, నెట్ తిరిగి రాగానే పంపాను. పొద్దంతా ఫిర్యాదులు వినేవాణ్ణి కదా, ఏ మాట ఎవరి మెడకు చుట్టుకుంటుందో నాకు కొట్టిన పిండి. బాధ్యత లేని మనిషి అని రాశాను, ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా. మూడు పడితే ఏమవుతుందో తెలిసే రాశాను. తర్వాత అమ్మ పిలిస్తే వెళ్లి నాలుగు దోసెలు తిన్నాను.

మళ్లీ వారం నెట్ పోయింది. లైన్‌మన్ నంబరుకి చేస్తే కొత్త గొంతు. "ఆయన్ను తీసేసిన్రు సార్. నేను కొత్త. ముందుగాల డబ్బకు కరెంటుందా సూసి చెప్పుండ్రి."

లేచి వెనక్కి వెళ్లాను. బాల్కనీలో గ్రైండరు గరగరా తిరుగుతోంది. అక్కడున్నది ఒక్కటే సాకెట్టు, అందులో గ్రైండరు ప్లగ్గు ఉంది. డబ్బా ప్లగ్గు గోడవారన వేలాడుతోంది. ఆ గరగర నాకు ప్రతిసారీ వినబడేది. ఆటకి అడ్డమని తలుపు వేసుకునేవాణ్ణి.

"ఏటి నాయనా?" అంది అమ్మ, పిండి చేతులతో. నా చూపు ప్లగ్గు మీద ఉండటం చూసి తనే చెప్పింది. "మొన్న ఆ అబ్బాయొచ్చి చూసేడు. దీనివల్లే మీ నెట్టు ఆగిపోతందట కదా. నీతో చెప్పొద్దన్నాడు. సార్‌కి కోపం ఎక్కువ, మీ మీద అరుస్తాడమ్మా, ఆదివారం ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి పెడతాను, రెండూ నడుస్తాయి, అందాకా మీ పిండి మీరు రుబ్బుకోండి అన్నాడు. ఆదివారం వెళ్లిపోయింది, ఇంకా రాలేదేటో."

వాళ్ల ఆఫీసుకి వెళ్లాను. కంప్లైంట్ వెనక్కి తీసుకుంటానన్నాను. కౌంటర్లో మనిషి తలెత్తలేదు. "క్లోజ్ అయినదాన్ని వాపస్ ఎట్ల తీసుకుంటరు సార్?" లైన్‌మన్ ఎక్కడుంటాడని అడిగితే, బోయిన్‌పల్లి మార్కెట్టుల కూరగాయల మూటలు దించుతున్నడని విన్నా అన్నాడు. బోయిన్‌పల్లి ఎంత దూరం? నేను వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను అని అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను. అది సిగ్గు కూడా కాదు, పిరికితనం.

దారిలో కరెంటు సామాన్ల దుకాణంలో ఎక్స్‌టెన్షన్ బోర్డు కొన్నాను. బిగించడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. గ్రైండరు తిరిగింది, డబ్బా మీద పచ్చదీపాలు వెలిగాయి.

"ఆ అబ్బాయి పంపించాడేటి?" అంది అమ్మ సంబరంగా.

"అవునమ్మా. అతనే పంపించాడు."

"చూసేవా, ఆడిన మాట తప్పలేదు. ఈసారి వొస్తే నాలుగు దోసెలేసి పెడతాను, నువ్వు అరవకు."