ఒక్కసారి నార్మల్ వస్తే అయిపోదు, సదన్నా

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. సదన్న లేడట.

కట్ చేసి, మల్ల నేనే చేసిన. వేరే సదానందం అయితే బాగుండు అని.

మన సదన్ననే. హార్ట్ అటాక్. ఎనుమాముల మార్కెట్ల, తన మిర్చి షాపు ముంగటనే.

చూడవచ్చినోళ్లందరిదీ ఒక్కటే మాట. "అంత సన్నటి మనిషి! కొవ్వు ఏడున్నది ఆయనకు?"

ఏడుపు కంటె ముందు కోపం వచ్చింది నాకు.

కొలెస్ట్రాల్ ఉండేది నెత్తుర్ల. అద్దంల కనబడది, నడుము కొలిస్తె దొరకది. సూదితోని తీసి చూస్తెనే తెలుస్తది.

సదన్న నాన్న, పెదనాన్న ఇద్దరూ గుండెతోనే పోయిండ్లు. అందుకే పోయినేడు లొల్లి పెట్టి లిపిడ్ ప్రొఫైల్ చేయించిన. ఎల్‌డీఎల్, అదే రక్తనాళాలల్ల పేరుకునే చెడ్డ కొలెస్ట్రాల్, బాగ ఎక్కువున్నది. డాక్టర్ గోలీలు రాసిండు. కొన్ని నెలలకు మల్ల చూస్తె నార్మల్.

ఆ రోజు షాపుల అందరికీ బజ్జీలు తినిపిచ్చిండు మహానుభావుడు!

"పాస్ అయింది తమ్మీ. ఇగ గోలీలు బంద్."

"గోలీలు ఏస్కుంటెనే తగ్గిందే అన్నా! డాక్టర్‌ను అడగకుండ ఎట్ల ఆపుతవ్?"

"వేలం పాట అయిపోయిన సరుకును మల్ల మూట ఇప్పి చూస్తడా ఎవడన్న? నీకు అన్నిట్ల పంచాయితే."

మార్కెట్ల అది నడుస్తది. ధర పాడినంక సరుకు ముట్టరు. కని నెత్తురు సరుకు కాదు కద! గోలీ ఆపితె మల్ల పెరుగుతది.

మొన్న కూడ ఛాతి మండుతాందన్నడట. చెమటలు.

మిర్చి యార్డుల మంట అంటె ఎవడు నమ్ముతడు? "ఘాటు" అన్నరు. మజ్జిగ తాగిపిచ్చిండ్లు. దవాఖానకు తీస్కపోలే.

ఇప్పుడు "రాత" అంటాండ్లు. రాత కాదు. సన్మానాలకు చందాలు ఎత్తే మన సంఘాలు హెల్త్ క్యాంప్ పెడితె బీపీ, షుగర్ చూసి, ఫొటో దిగి పోతయి. కొలెస్ట్రాల్ ఊసే ఉండది. దాన్ని రాత అనుడు మన సిగ్గుమాలినతనం.

సదన్న తమ్ముడు రాజేందర్. అదే వంశం, అదే సన్నటి ఒళ్లు. ఒక్క టెస్ట్ లేదు. నిన్న సాయంత్రం అందరి ముంగట అడిగిన, రేపు వస్తవా అని.

పెద్దమనుషులు లేచిండ్లు. "మైలల సూది పొడిపిచ్చుకునుడేంది? దినాలు కానీయ్."

"దినాలయ్యేదాక గుండె రోగం ఆగుతదా?"

"చావింట్ల గూడ నీ లొల్లేనా!"

అవును, లొల్లే. చావింట్లనే పెట్టాలె.

అప్పుడు లోపటి నుంచి వదిన వచ్చింది. గొంతు పోయింది ఆమెకు.

"తీస్కపో తమ్మీ. మా తోడికోడలును నా లెక్క కూసోపెట్టకుండ్రి."



ఇయ్యాల పొద్దున రాజేందర్ నెత్తురు ఇచ్చిండు. సదన్న పిల్లలకు కూడ చేయిస్త. రిపోర్ట్ మంచిగొచ్చినా, ఏడాదికోసారి గుర్తు చేస్త. విసుక్కోనీ.

మీ ఇంట్ల గుండెతోని పోయినోళ్లుంటె, మీరు ఎంత సన్నగున్నా సరే, పోయి చూపిచ్చుకోండ్రి. గోలీలు ఎవ్వరూ సొంతంగ ఆపకుండ్రి.

సదన్నా, నీతోని వాదనల ఎన్నడూ గెలవలే. మీ ఇంట్ల ఇంకొకల్ని మాత్రం పోనియ్య.

నిమ్మలంగ పండుకో అన్నా.